బిస్కెట్ల డబ్బా

ఫోన్లో వెతక్కు కెజియా, అక్కడ దొరకవు ఇవి.
పదకొండు టేపులు. ఇప్పుడు ఏడే.
మిగతా నాలుగూ హుద్‌హుద్ తాగేసింది,
మల్కాపురంలో మా ఇంటి రేకులు లేచిపోయిన రోజు.

మరమ్మతుకొచ్చిన ఓడలోంచి
ఏదో చలిదేశపు నావికుడు మీ తాతకి ఇచ్చాడు,
రెండు పొట్లాల ఎండు నెత్తళ్ళకి బదులుగా.
అట్టమీద సిలువ చూసి ప్రసంగాలనుకున్నాడు నాన్న.
"ఇంగ్లీసు వాక్యమే, వినుకో" అన్నాడు.
అది ఇంగ్లీషూ కాదు.
మొదటి టేపు పెట్టగానే
అమ్మ చేతిలో చాట జారి మినుములన్నీ చెల్లాచెదురు.

సింధియా జంక్షన్లో క్యాసెట్లు నింపే గవరయ్య
కాసేపు విని, ఆపి, హెడ్డు తుడిచి, మళ్ళీ విని
"టేపు పాడైపోనాదమ్మా" అన్నాడు జాలిగా.

పేర్లు చదవడం రాలేదు. అక్షరాలన్నీ ముళ్ళకంపలు.
మేమే పెట్టుకున్నాం, నేనూ సలోమీ.
"తుప్పు మేకులు", వీళ్ళని ముందు విను.
ముగ్గురే అనుకుంటాను, ముప్పైమంది దరువు.
సిలువ దగ్గర సుత్తి చప్పుడు
కొట్టినవాడి వైపునుంచి విన్నట్టుంటుంది.

"నాలుగోరోజు"లో పాడేవాడిది గొంతు కాదు,
సమాధి రాయి దొర్లేటప్పటి గరగర.
ఐదు నిమిషాలు భయపడతావు.
ఆరో నిమిషంలో లోపల్నించి ఎవరో నడిచొస్తారు
కట్లు కట్టిన కాళ్ళతో.

"చేప కడుపు" రాత్రిపూటే, లైటు తీసేసి.
చాలాసేపు బేస్ గిటారు ఒక్కటే,
హార్బరు మొగలో డ్రెడ్జరు మట్టి తోడుతున్నట్టు.
అందులో ప్రార్థన ఉందో లేదో నాకిప్పటికీ తెలీదు.
ఉక్కపోత మాత్రం ఉంది.

"కోడి కూయకముందు" నాకంత పట్టదు, సలోమికి ప్రాణం.
గిటారు ఏడుస్తూనే ఉంటుంది,
పేతురు కూడా అంతసేపు ఏడ్చుండడు.
ఐదూ ఆరూ ఒకరివే, తొందరేం లేదు.

అసలు సంగతి ఇది.
మీ తాత ఫిలేమోను ఇరవైరెండేళ్ళు
షిప్‌యార్డు ప్లేటు షాపులో ఇనుము వంచాడు.
ఇనుము ఆయన చెవులు వంచింది.
చర్చిలో మొదటి బెంచీలో కూచున్నా
హార్మోనియం ఆయనదాకా వచ్చేది కాదు.
అందరూ లేస్తే లేచేవాడు,
పెదాలు చూసి ఆమెన్ అనేవాడు.

ఆ మధ్యాహ్నం ఏ షిఫ్టు దిగొచ్చి
బూట్లు విప్పి, అలా ఆగిపోయాడు.
గచ్చుమీద అరికాలు ఆనించాడు. తీశాడు. మళ్ళీ ఆనించాడు.
"ఏటే ఇది? ఎవలు కొడతన్నారు?"
తమ్ముడి పలకమీద రాశాను: పాట.
"ఎవలి మీద?"
చెరిపి రాశాను: దేవుడి మీద.
స్పీకరు పెట్టెకి రెండు చేతులూ ఆనించాడు
జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.
టేపు తిరిగినంతసేపూ తీయలేదు.
ఆమెన్ అన్నాడు, ఎవరి పెదాలూ చూడకుండా,
అదీ తప్పు చోట. పాట ఇంకా సగంలోనే ఉంది.

వారం తిరక్కుండా అయ్యగారు వచ్చారు.
"దేవుడేమైనా చెవిటివాడా, ఈ అరుపులెందుకు?"
చాట దులిపిన అమ్మే అంది, తలొంచుకుని,
"దేవుడు కాదండయ్యగారూ. మావోరు."

డబ్బా తీసుకో. మూత బిగుసుకుంది, చెంచాతో ఎత్తాలి.
రీలు వదులైతే పెన్సిలు పెట్టి తిప్పు,
ఆరు పలకలదే, గుండ్రటిది జారిపోతుంది.
ఏడోదానికి మేం పేరు పెట్టలేదు.
ఆ రోజు తిరిగింది అదే.
దాన్ని చెవులతో మొదలుపెట్టకు.
చెప్పులు విప్పి గచ్చుమీద నిలబడు.
పక్క వాటావాళ్ళు గోడ బాదితే
బాదనీ.
లయలో ఉన్నారో లేదో చూసుకో, అంతే.